బందరు డాక్టరు గారి బ్యాంకు

మన సభ పండుగ సంచికలో ఏటా ఒక తెలుగు ప్రముఖుని జీవితం అచ్చవుతుంది. వీరేశలింగం పంతులు గారు వచ్చారు, ప్రకాశం పంతులు గారు వచ్చారు, కవులూ గాయకులూ వచ్చారు. ఈసారి రాయమని నన్ను అడిగినప్పుడు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి పేరు చెప్పాను. ఆయనను గురించి మన పెద్దలకు మూడు సంగతులు తెలుసు. ఆయన గాంధీగారి అనుచరుడు. 1939లో కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్ర బోసు గారి చేతిలో ఓడిపోయారు. కాంగ్రెసు చరిత్ర రాశారు. నేను రాయదలచినది ఈ మూడింటిని గురించి కాదు, ఆయన బందరులో పెట్టిన బ్యాంకును గురించి. పండుగ సంచికలో బ్యాంకు సంగతి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. అందుకు కారణం మా నాయనమ్మ.

మా తాత 1908లో మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాలు వచ్చాడు. ఐదేళ్ళ ఒప్పందం ముగిశాక చెరకు తోట వదిలి, డర్బను శివార్లలో కాస్త నేల కౌలుకు తీసుకుని కూరగాయలు పండించాడు. నాయనమ్మ వాటిని గంపలో పెట్టుకుని వీధి వీధి తిరిగి అమ్మేది. అలా కూడబెట్టిన పదకొండు పౌన్లు తెలిసినవారు నడిపే ఒక పొదుపు సంఘంలో వేసింది. ఒకనాడు ఆ సంఘం తలుపులు మూసి ఉన్నాయి. మరి తెరుచుకోలేదు. నడిపినవాళ్ళు దొంగలని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అందరికీ అప్పులిచ్చారు, అవి వసూలు కాలేదు, అంతే. కాని పదకొండు పౌన్లు పోయాయి. ఆ తర్వాత నాయనమ్మ దృష్టిలో బ్యాంకు అంటే తలుపు మూసుకునే చోటు. చనిపోయేవరకు డబ్బు బిస్కెట్ల డబ్బాలోనే దాచింది.

నేను నలభై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. తెలుగు మాత్రం పెద్దయ్యాక, మన సభ నడిపే సాయంకాలపు తరగతులలో నేర్చుకున్నాను. నా వాక్యాలలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. ఆ తరగతిలోనే మొదటిసారి పట్టాభి గారి బ్యాంకు మాట విన్నాను. మా నాయనమ్మ వంటి మనిషి డబ్బును ఎవరి దగ్గర ఉంచవచ్చు, ఏ ధైర్యంతో ఉంచవచ్చు అన్న ప్రశ్న నాకు చిన్ననాటి నుండి ఉంది. ఆయన జీవితం చదువుతూ ఉంటే ఆ ప్రశ్నకు జవాబు ఎంత నెమ్మదిగా, ఎంతమంది నష్టపోయిన తర్వాత దొరికిందో తెలిసింది.

పట్టాభి గారు 1880 నవంబరు 24న గుండుగొలను గ్రామంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. కలిగిన కుటుంబం కాదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చదివి, తర్వాత వైద్యం చదివి, మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. మచిలీపట్నాన్ని ఆ ప్రాంతం వారు బందరు అనే అంటారు, నేనూ అలాగే అంటాను. ఒకప్పుడు అది డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు పోటీపడి దిగిన రేవు. కలంకారీ అద్దకపు గుడ్డలు అక్కడి నుండి సముద్రాలు దాటి వెళ్ళేవి. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనలో వేలకు వేల మంది కొట్టుకుపోయారు. డాక్టరు గారు అక్కడ బోర్డు కట్టేనాటికి రేవు వైభవం తగ్గిపోయింది. కాని వకీళ్ళు, ఉపాధ్యాయులు, పత్రికలవారు, దేశం గురించి ఆలోచించేవారు ఆ ఊళ్ళో చాలామంది ఉండేవారు. కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి గారు కలిసి అక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు.

ఇక్కడ కొంచెం ఆగి మద్రాసు సంగతి ఒకటి చెప్పాలి. 1906 అక్టోబరు 22, సోమవారం. ఆ రోజున మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు ఆపివేసింది. వందేళ్ళ పేరున్న దొరల కంపెనీ అది. మన ఉత్తరాంధ్రవారికి కూడా దానితో సంబంధం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో పాలకొండ ప్రాంతాన్ని సర్కారు నుండి చాలా ఏళ్ళు కౌలుకు పట్టినది ఆ కంపెనీయే. వ్యాపారంతోపాటు బ్యాంకు పని కూడా చేసేది. రాజధానిలోని ఉద్యోగులు, పెన్షనుదారులు, వర్తకులు వేలాది మంది అందులో డబ్బు దాచుకున్నారు. దాని పెద్ద సర్ జార్జి అర్బత్‌నాట్ అంటే మద్రాసులో ఎంత గౌరవమో చెప్పనక్కరలేదు. ఆ పేరే హామీ. లెక్కలు చూపమని అడిగినవాడు లేడు, అడిగే చట్టమూ లేదు.

అసలు జరిగినది ఏమిటంటే, మద్రాసులో పోగైన డబ్బు లండనుకు పోయింది. అక్కడి భాగస్వామి మక్‌ఫాడ్యెన్ అనే ఆయన దానిని సట్టా వ్యాపారాలలో పెట్టి పోగొట్టాడు. దివాలా బయటపడే ముందు ఆయన లండనులో రైలు కింద పడి ప్రాణం తీసుకున్నాడు. సర్ జార్జిని మరుసటి ఏడు కోర్టు విచారించి పద్దెనిమిది నెలల కఠిన శిక్ష వేసింది. దొరకు జైలు పడడం అప్పట్లో పెద్ద వింత. కాని దొర జైలుకు పోతే డిపాజిటుదారుకు వచ్చేదేమిటి? రూపాయికి కొన్ని అణాలు, అవీ ఏళ్ళు గడిచాక.

అప్పటికి పట్టాభి గారు ఇరవయ్యారేళ్ళు నిండని యువ వైద్యుడు. బందరు మద్రాసు రాజధానిలోని జిల్లా ఊరు. ఆ దివాలా గురించి మాట్లాడుకోని చదువుకున్న ఇల్లు ఆ రాజధానిలో ఉండి ఉండదు. దాని ఫలితంగానే వి. కృష్ణస్వామి అయ్యరు గారు మొదలైనవారు 1907లో మద్రాసులో ఇండియన్ బ్యాంకు స్థాపించారు. మన డబ్బు మన బ్యాంకులోనే ఉండాలి అన్న మాట స్వదేశీ ఉద్యమంలో భాగమయింది. కెనరా బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇండియా, బరోడా బ్యాంకు, సెంట్రల్ బ్యాంకు అన్నీ ఆ కొద్ది ఏళ్ళలో పుట్టినవే.

అయితే స్వదేశీ అన్నంత మాత్రాన బ్యాంకు గట్టిది కాదు. ఈ సంగతి మన ఉపన్యాసాలలో సామాన్యంగా చెప్పరు. 1913 సెప్టెంబరులో లాహోరులోని పీపుల్స్ బ్యాంకు కూలింది. అది పూర్తిగా దేశీయులు పెట్టినదే. కొద్ది వారాలకు బొంబాయిలో ఇండియన్ స్పీసీ బ్యాంకు వెండి సట్టాలో మునిగింది. తర్వాతి నాలుగైదు ఏళ్ళలో పదుల కొద్దీ బ్యాంకులు మూతపడ్డాయి. కొన్నింటికి చెప్పుకోవడానికి బోర్డు పెద్దది, పెట్టెలో మూలధనం చిన్నది. అసలు సొమ్ము లేకుండా, డిపాజిట్ల నుండే లాభాలు పంచిపెట్టినవి కూడా ఉన్నాయి. కంపెనీల చట్టం 1913లో వచ్చింది గాని, బట్టల కొట్టుకూ బ్యాంకుకూ ఉన్న తేడాను అది పెద్దగా గుర్తించలేదు.

ఆ తేడా ఏమిటో పిల్లలకు నేను లెక్కలా చెప్పేవాడిని. బట్టల కొట్టువాడు తన డబ్బుతో వ్యాపారం చేస్తాడు, నష్టం వస్తే తాను పోగొట్టుకుంటాడు. బ్యాంకు మీ రూపాయి తీసుకుని, అందులో రెండు అణాలు పెట్టెలో ఉంచి, పద్నాలుగు అణాలు అప్పు ఇస్తుంది. మీరు ఎప్పుడు అడిగితే అప్పుడు రూపాయి ఇస్తానంటుంది. అప్పు తీసుకున్నవాడు మాత్రం పంట వచ్చాకనే ఇస్తాడు. మామూలు రోజులలో ఇబ్బంది లేదు, ఎందుకంటే అందరూ ఒకేరోజు రారు. ఏదో ఒక వదంతి పుట్టి అందరూ ఒకేరోజు వస్తే, మంచి బ్యాంకు కూడా మూతపడుతుంది. ముందు వచ్చినవాడికి దొరుకుతుంది, వెనుక వచ్చినవాడికి దొరకదు. కనుక ప్రతివాడూ ముందే పరుగెత్తడం తెలివితక్కువ పని కూడా కాదు. ఇదే బ్యాంకు వ్యాపారంలోని అసలు గండం.

మళ్ళీ బందరుకు వద్దాం. పట్టాభి గారు బాగా సాగుతున్న ప్రాక్టీసు వదులుకుని దేశసేవలోకి దిగారు. 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక ప్రారంభించారు. ఆంధ్రులకు వేరే రాష్ట్రం కావాలని వాదించారు, కాంగ్రెసులో ఆంధ్రకు వేరుగా శాఖ రావడానికి పాటుపడ్డారు. ఈ సభలు, తీర్మానాల మధ్యనే ఆయన బుద్ధి రైతు అప్పు మీదికి పోయింది. కృష్ణా ఆనకట్ట వచ్చాక డెల్టాలో వరి బాగా పండేది. కాని పంట చేతికి వచ్చేవరకు రైతు దగ్గర డబ్బు ఉండేది కాదు. నాట్ల నాటికి షావుకారు దగ్గరకు వెళ్ళాలి. ధాన్యం నాగుకు తెచ్చుకుంటే కోతల తర్వాత ఒకటికి ఒకటిన్నర కొలవాలి. పెద్ద బ్యాంకులు నగరాలలో ఉండేవి, ఎగుమతి వర్తకులకు అప్పు ఇచ్చేవి. పల్లె రైతు మొహం వాటికి తెలియదు. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పడడంలో పట్టాభి గారి చేయి ఉంది. అది తొలి మెట్టు.

రెండో మెట్టు 1923. ఆ ఏడాది ఏప్రిలులో అలయన్స్ బ్యాంక్ ఆఫ్ సిమ్లా కూలిపోయింది. అదీ దొరల బ్యాంకే, దానికీ లండను భాగస్వాముల మోసమే మృత్యువు. ఇంపీరియల్ బ్యాంకు ముందుకు వచ్చి డిపాజిటుదారులకు సగం సొమ్ము ఇచ్చింది. దేశమంతటా బ్యాంకులంటే భయపడుతున్న అలాంటి ఏడాదిలో, నవంబరు 20న, బందరులో ఆంధ్రా బ్యాంకు రిజిస్టరయింది. నవంబరు 28న పని మొదలుపెట్టింది. అనుమతి పొందిన మూలధనం 10 లక్షలు, నిజంగా వసూలైనది 1 లక్ష రూపాయలు.

ఈ లక్ష రూపాయల మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. మూలధనం అంటే నష్టం వచ్చినప్పుడు ముందుగా కరిగేది. అది పూర్తిగా కరిగాక గాని డిపాజిటుదారు డబ్బుకు చేటు రాదు. కనుక ఆ లక్ష రూపాయలే కట్ట. కట్ట చిన్నదయితే నీరు ఎక్కువ నిలపకూడదు. అప్పటి చట్టంలో బ్యాంకుకు ఇంత మూలధనం ఉండాలని లేదు, ఇంత నగదు ఉంచాలని లేదు, ఎవరూ వచ్చి పుస్తకాలు తనిఖీ చేయరు. రిజర్వు బ్యాంకు అనేదే లేదు. అంటే 1923లో బందరులో ఒక విధవరాలు తన సొమ్ము తెచ్చి ఆ కౌంటరు దగ్గర పెట్టిందంటే, ఆమెకు ఉన్న భరోసా డాక్టరు గారి పేరు, ఆయన పక్కన కూర్చున్న నలుగురి పేర్లు. మద్రాసులో సర్ జార్జి పేరు మీద ఉంచినట్లే. పేరు మంచిదా కాదా అనేది ఏళ్ళు గడిస్తే గాని తెలియదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒకే డెల్టా, ఒకే పంట. ఒక తుఫాను వస్తే అప్పు తీసుకున్నవారందరూ ఒకేసారి చితికిపోతారు, డిపాజిటు వేసినవారికి కూడా అదే సమయంలో డబ్బు కావలసి వస్తుంది. 1864 ఉప్పెన చూసిన ముసలివాళ్ళు అప్పటికి ఇంకా బతికే ఉండి ఉంటారు. పైగా చిన్న ఊళ్ళో అప్పు అడిగేవాడు బంధువో స్నేహితుడో అవుతాడు. మా నాయనమ్మ సంఘం అలాగే మునిగింది. తెలిసినవాడికి లేదని చెప్పడం చాలా కష్టమైన పని. ఆంధ్రా బ్యాంకు ఆ తొలి ఏళ్ళు దాటి నిలిచిందంటే, ఆ కౌంటరులో ఎవరో ఎన్నోసార్లు లేదని చెప్పి ఉండాలి. చరిత్ర పుస్తకాలలో అలాంటివారి పేర్లు ఉండవు.

పట్టాభి గారు రోజూ బ్యాంకు గదిలో కూర్చుని లెక్కలు చూసినవారు కారు. అది చెప్పడం ఆయనను తక్కువ చేయడం కాదు. ఆయన పని సంస్థను నిలబెట్టి, మనుషులను కూర్చి, ఇంకొక సంస్థ వైపు నడవడం. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ వచ్చాయి. అన్నీ బందరులోనే. మధ్యలో 1930లో ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్ళారు, తర్వాత మళ్ళీ వెళ్ళారు. స్థాపకుడు సర్కారు ఖైదీగా ఉన్న బ్యాంకులో డబ్బు ఉంచాలంటే భయం ఉండదా? ఒక్క వదంతి చాలు. అయినా బ్యాంకు నడిచింది. ఒక మనిషి లేకపోయినా నడిచే విధంగా కట్టడమే ఆయన చేసిన మేలు అని నాకనిపిస్తుంది.

అదే కాలంలో ప్రపంచమంతటా ధరలు పడిపోయాయి. 1929 తర్వాత డెల్టాలో ధాన్యం అమ్ముకున్నా శిస్తు కట్టలేని స్థితి వచ్చింది. ధర బాగున్నప్పుడు తీసుకున్న అప్పు ధర పడ్డాక రెండింతలు బరువయింది. రైతు తీర్చలేడు, అప్పు ఇచ్చినవాడు రాబట్టలేడు. చివరికి 1938లో రాజాజీ గారి మంత్రివర్గం మద్రాసు రైతు రుణ విముక్తి చట్టం తెచ్చి పాత అప్పులను తగ్గించింది. రైతు పక్షాన చూస్తే న్యాయమైన చట్టం. మరి ఆ అప్పు వెనుక డిపాజిటుదారు ఉంటే? కాంగ్రెసువాడు, బ్యాంకు స్థాపకుడు అయిన మనిషికి ఆ రెండు పక్షాలూ తనవే. ఈ చిక్కు ఈనాటికీ ఏ దేశంలోనూ తీరలేదు.

ఇంతలో కట్టుబాట్లు ఒక్కొక్కటే రాసాగాయి. 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు మొదలయింది. మూలధనం, రిజర్వు కలిపి 5 లక్షలు ఉన్న బ్యాంకులను షెడ్యూలులో చేర్చి, అడిగిన వెంటనే ఇవ్వవలసిన డిపాజిట్ల మీద నూటికి 5, గడువు డిపాజిట్ల మీద నూటికి 2 చొప్పున తన దగ్గర ఉంచమంది. 1936లో కంపెనీల చట్టాన్ని సవరించి బ్యాంకులకు వేరే నిబంధనలు పెట్టారు. లాభంలో అయిదోవంతు రిజర్వు నిధికి తీయాలి, మూలధనం కనీసం 50 వేలైనా ఉండాలి. ఈ చిన్న అంకెలు చూసి నవ్వకండి. అంతకుముందు అదీ లేదు.

కాని 1938 జూనులో తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడింది. దక్షిణాదిలో పెద్దవాటిలో అది ఒకటి, షెడ్యూలులో ఉన్న బ్యాంకు కూడా. దానిని నడిపినవారికీ ఆ సంస్థానం దివానుకూ పడలేదు, నడిపినవారు జైలు పాలయ్యారు. డిపాజిటుదారులు ఎగబడితే రిజర్వు బ్యాంకు ఆదుకోలేదని విమర్శ వచ్చింది. ఆ భయం దక్షిణ దేశమంతటా మిగతా బ్యాంకుల తలుపులు కూడా తట్టింది. పైన పెద్ద బ్యాంకు ఉండడం వేరు, అది సమయానికి చేయి అందించడం వేరు అని అప్పుడు జనానికి అర్థమయింది. దేశంలోని బ్యాంకుల లోపలికి వెళ్ళి పుస్తకాలు చూసే అధికారం అప్పటికి ఆ రిజర్వు బ్యాంకుకు లేదు మరి. బందరు బ్యాంకు ఆ గాలికి నిలిచింది.

1939 ఎన్నిక సంగతి అందరికీ తెలుసు కనుక త్వరగా చెప్పి ముందుకు పోతాను. బోసు గారికి 1,580 ఓట్లు, పట్టాభి గారికి 1,377. ఆ ఓటమిని గాంధీగారు తన ఓటమిగా భావించారు. దానితో పట్టాభి గారి పేరు ఓడినవాని పేరుగా చరిత్రలో ఉండిపోయింది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. 1942లో క్విట్ ఇండియా తీర్మానం తర్వాత ఆయనను నెహ్రూ, పటేల్, ఆజాద్ గార్లతో పాటు అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్ళు నిర్బంధించారు. అక్కడ రాసుకున్న దినచర్య ఫెదర్స్ అండ్ స్టోన్స్ అనే పుస్తకంగా వచ్చింది. 1948లో పురుషోత్తమదాస్ టాండన్ గారి మీద గెలిచి కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆంధ్ర రాష్ట్ర విషయం పరిశీలించిన ముగ్గురి సంఘంలో నెహ్రూ, పటేల్ గార్ల పక్కన మూడోవారు ఆయనే.

ఆయన కాంగ్రెసు అధ్యక్షులుగా ఉన్న రోజులలోనే, 1949 మార్చి 16న, బ్యాంకింగ్ కంపెనీల చట్టం అమలులోకి వచ్చింది. ఆయన రాసిన చట్టం కాదు. కాని ఆయన 1923లో లేకుండానే మొదలుపెట్టవలసి వచ్చినవన్నీ అందులో ఉన్నాయి. రిజర్వు బ్యాంకు లైసెన్సు లేనిదే బ్యాంకు నడపరాదు. రిజర్వు బ్యాంకు ఎప్పుడైనా వచ్చి పుస్తకాలు తనిఖీ చేయవచ్చు. కొత్త శాఖ తెరవాలంటే అనుమతి కావాలి. బ్యాంకు సరుకుల వ్యాపారం చేయరాదు. అంటే అర్బత్‌నాట్ వంటి కంపెనీకి ఇక తావు లేదు. డైరెక్టర్లు తాకట్టు లేకుండా తమ బ్యాంకు నుండి తాము అప్పు తీసుకోరాదు. డిపాజిట్లలో అయిదోవంతు నగదుగా, బంగారంగా, మంచి సెక్యూరిటీలుగా ఉంచాలి. ఒక్కొక్క నిబంధన వెనుక ఏదో ఒక ఊళ్ళో మూసుకున్న తలుపు ఉంది.

పట్టాభి గారు 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. 1956లో జీవిత బీమాను ప్రభుత్వం తీసుకుంది. 1959 డిసెంబరు 17న ఆయన కాలం చేశారు. అప్పటికి బ్యాంకులకు తనిఖీ ఉంది, లైసెన్సు ఉంది. కాని ఇన్ని కట్టుబాట్లు ఉన్నా ఒక బ్యాంకు పడిపోతే మా నాయనమ్మ వంటి డిపాజిటుదారుకు ఏమి దొరుకుతుంది అన్న ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు.

అది ఆయన పోయిన ఎనిమిది నెలలలోపే ఎదురయింది. 1960 ఆగస్టు 8న కేరళలోని పాలాయ్ సెంట్రల్ బ్యాంకును రిజర్వు బ్యాంకు కోరికపై కోర్టు మూయించింది. రిజర్వు బ్యాంకు చాలా ఏళ్ళుగా తనిఖీ చేస్తూ, లోపాలు చూస్తూ ఉన్న బ్యాంకే అది. పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది. ఆ దెబ్బకు రెండు పనులు జరిగాయి. బలహీనమైన చిన్న బ్యాంకులను బలమైనవాటిలో కలిపివేయడం మొదలుపెట్టారు. ఆయనే స్థాపించిన భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. రెండోది, 1962 జనవరి 1 నుండి డిపాజిట్లకు బీమా వచ్చింది. బ్యాంకు మునిగినా ఒక్కొక్క డిపాజిటుదారుకు 1,500 రూపాయల వరకు పూచీ. ప్రపంచంలో ఇటువంటి ఏర్పాటు చేసిన తొలి దేశాలలో ఇండియా ఒకటి. 2020 ఫిబ్రవరిలో ఆ హద్దును 5 లక్షలకు పెంచారు.

మన దక్షిణాఫ్రికాలో ఇది ఎప్పుడు వచ్చిందో మీలో ఎంతమందికి తెలుసు? 2024 ఏప్రిల్ 1న. ఒక్కొక్క డిపాజిటుదారుకు ఒక్కొక్క బ్యాంకులో లక్ష ర్యాండ్ల వరకు. అంతకుముందు బ్యాంకు మునిగితే ప్రభుత్వం దయతలచి ఇస్తే ఇచ్చినట్లు. 2018లో ఒక చిన్న బ్యాంకును లోపలివారే దోచుకున్నప్పుడు ఖజానా అలాగే అప్పటికప్పుడు పూచీపడవలసి వచ్చింది. ఇండియాకు 62 ఏళ్ళ తర్వాత మనకు ఈ చట్టం వచ్చింది. ఈ సంగతి సాయంకాలపు తరగతిలో చెప్పినప్పుడు, పొదుపు ఖాతా ఉన్న పెద్దవాళ్ళు కూడా నమ్మలేదు.

ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయం తర్వాత హైదరాబాదుకు మారింది. 1969లో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసినప్పుడు ఇది వాటిలో లేదు, అప్పటికి ఇది అంత పెద్దది కాదు. 1980 ఏప్రిల్ 15న జాతీయం చేసిన ఆరింటిలో ఇది ఒకటయింది. అప్పటి నుండి దాని వెనుక నిలిచినది డాక్టరు గారి పేరు కాదు, ప్రభుత్వం. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమయింది. దేశమంతా లాక్‌డౌనులో ఇళ్ళలో కూర్చుని ఉన్న రోజులవి. 96 ఏళ్ళు నడిచిన పేరు పోతున్నందుకు తెలుగువారు చాలామంది బాధపడ్డారు. డిపాజిటుదారులలో ఒక్కరికీ ఒక్క రూపాయి పోలేదు, ఎవరూ తలుపుల దగ్గరకు పరుగెత్తలేదు. వారి ఖాతాలు ఆ మరునాడు కొత్త పేరు కింద కొనసాగాయి.

మా నాయనమ్మ బిస్కెట్ల డబ్బా మా చెల్లెలి ఇంట్లో ఉంది. మూత మీద బొమ్మ చెరిగిపోయింది. ఇప్పుడు అందులో దారాలు, సూదులు పెట్టుకుంటోంది.